సంఘం పైసలు, చదువు ఖర్చులు

రాజన్న సిరిసిల్ల జిల్లా చందుర్తి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కులసంఘం లెక్కలు చెప్పే రోజున వెళ్లి కూర్చుంటే సంఘం పైసలు చదువుకు ఎందుకు చేరవో సగం అర్థమవుతుంది. సంఘ భవనంలో చాపలు పరిచి ఉంటాయి. నడుమ ఒక ఇనుప పెట్టె, దాని మీద అట్ట చిరిగిన పొడుగు పుస్తకం. పెద్దమనిషి ఒక్కో పేరూ చదువుతాడు: అసలు ఇంత, మిత్తి ఇంత, ముట్టింది ఇంత, నిలవ ఇంత. పేరు వచ్చినవాడు లేచి మిత్తి పైసలు కడతాడు. అసలు కట్టే తాహతు లేకపోతే అక్కడే కాయితం తిరగరాయించుకుంటాడు. మాటా మాటా పెరుగుతుంది, ఒకరిద్దరు అలిగి బయటికి పోతారు, మళ్లీ ఎవరో పోయి పిలుచుకొస్తారు. ఏదేమైనా పొద్దుగూకేలోపు లెక్క తేలాలి. తేలిన తర్వాతే తిండి.

అమెరికా పట్టణాల్లో 'కమ్యూనిటీ ఫౌండేషన్' పేరుతో నడిచే సంస్థల మూలసూత్రం కూడా ఈ పెట్టె సూత్రమే. అసలు ముట్టకూడదు, మిత్తితో పని నడపాలి. అక్కడ ఒక ఊరి వాళ్లు, ఆ ఊరిని విడిచిపోయిన వాళ్లు తలా కొంత ఇచ్చి ఒక నిధి కూడబెడతారు. దాని రాబడిలోంచి ప్రతి ఏటా స్థానిక సేవాసంస్థలకు గ్రాంట్లు, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. ఇచ్చినవాడు పోయినా నిధి ఉంటుంది. మన సంఘం పెట్టెకూ దానికీ తేడా ఎక్కడంటే, మన పెట్టె ఒక కులానికి సంబంధించింది. దానిలోని మిత్తి ఆ కులంలోనే ఎవరో ఒక అవసరపడ్డ మనిషి జేబులోంచి వస్తుంది. పెట్టెలోంచి బయటికి పోయే పైసలు ఎక్కువగా గుడికో, భవనం పైకప్పుకో, చావు ఖర్చుకో పోతాయి. చదువు పేరు ఆ పుస్తకంలో అరుదుగా కనబడుతుంది.

ఈ ప్రాంతానికి ఇచ్చే గుణం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లాను విడగొట్టినప్పుడు చందుర్తి రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి పోయింది, చందుర్తి మండలంలోని రుద్రంగి తానే ఒక మండలమైంది. గీతలు మారినా బతుకులు మారలేదు. వేములవాడ నుంచి కోరుట్ల దాకా ఆ దారి పొడుగునా ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న వాడలున్నాయి. ఆడవాళ్లు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే అరుగులున్నాయి. సిరిసిల్ల వైపు మరమగ్గాల చప్పుడుంది. వాన మీద, బోరు మీద ఆధారపడ్డ సేద్యం ఉంది. ఇంత ఇబ్బందిలో ఉన్న జనం ఎంత ఇస్తారో చూడాలంటే ఒక చావు రోజున చూడాలి.

గల్ఫ్‌లో పని చేసే మనిషి గుండెపోటుతో పోయాడన్న కబురు వచ్చిన గంటలోపే అతని పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు కదులుతుంది. ఎవరో ఒకరు ఫోన్‌పే నంబరు పెడతారు. దుబాయి నుంచి, మస్కట్ నుంచి, భివండీ నుంచి, ఊళ్లోనే ఆటో నడిపే దోస్తు నుంచి ఐదు వందలు, వెయ్యి, రెండు వేలు వచ్చిపడతాయి. శవపేటిక శంషాబాద్‌లో దిగేలోపు లక్ష దాటిన సందర్భాలు ఉంటాయి. పెద్దకర్మ రోజున బ్యాచ్ మొత్తం వెళ్లి ఆ పైసలను పిల్లల పేరున బ్యాంకులో డిపాజిట్ చేసి రసీదు తల్లి చేతికిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని ఉత్తర్వు తెచ్చింది. దానికన్నా ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఈ బ్యాచ్‌లు తమకు తోచినంత చేస్తూ వచ్చాయి. వాళ్లకు రిజిస్ట్రేషన్ లేదు, కార్యాలయం లేదు. నమ్మకం ఒక్కటే ఉంది.

అయితే ఆ ఇంటి పిల్ల మూడేళ్ల తర్వాత ఇంటర్ పూర్తి చేసి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు పోయే నాటికి ఆ గ్రూపులో ఎవరూ ఉండరు. ఉన్నా, మళ్లీ అడగడానికి తల్లికి మొఖం చెల్లదు. ఒకసారి ఇచ్చిన చేతిని రెండోసారి అడగడం మన దగ్గర నామోషీ. చావుకు ఇచ్చే చేయి తనంత తానే ముందుకొస్తుంది. చదువుకు మాత్రం ఎవరో పోయి అడగాలి. ఊరికి ఒక నిధి ఉండాలనడానికి నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే కారణం ఇదే. నిధిని దరఖాస్తుతో అడగవచ్చు. ఆ అడగడంలో తలవంపు లేదు.

ఊరికి నిధి ఇప్పటికే ఉందని కొందరంటారు. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు అలాంటివే కదా అని. వీడీసీ అని అందరూ పిలిచే ఈ కమిటీల చేతిలో నిజంగానే పెద్ద మొత్తాలు తిరుగుతాయి. బెల్టు షాపు వేలం, కోడిమాంసం అమ్మే హక్కు వేలం, చెరువు చేపలు, కల్లు, ఇసుక, ప్రతి దాని మీదా ఊరి పేరున డబ్బు వసూలవుతుంది. దాంతో గుళ్లు కట్టారు, బొడ్రాయి పండుగలు చేశారు, కొన్నిచోట్ల బడి ప్రహరీ గోడలు, బోర్లు కూడా వేయించారు. కానీ ఆ వేలానికి చట్టం ఒప్పుదల లేదు. మాట వినని కులాన్ని ఊరంతా మాట్లాడకుండా, కిరాణా అమ్మకుండా సాంఘిక బహిష్కరణ చేసిన ఉదంతాలు పోలీసు కేసుల దాకా పోయాయి. కమిటీలో ఆడవాళ్లు దాదాపు కనబడరు. భయంతో కట్టే పైసలను చందా అనడం నాకు ఇష్టం లేదు. ఊళ్లో అందరి దగ్గరా వసూలు చేసి, కొందరు మాత్రమే కూర్చుని ఖర్చు రాసే నిధి ఎంత పెద్దదైనా, నేను చెబుతున్న నిధి అది కాదు.

చదువు కోసం సంఘంగా పైసలు కూడబెట్టడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు అక్కడ తిండి, పడక, పుస్తకాలు దొరికాయి. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు, రావి నారాయణరెడ్డి లాంటి వాళ్లు అక్కడ ఉండి చదివారు. ఆ తర్వాత వేరే కులాల హాస్టళ్లు కూడా వచ్చాయి. ఆ తరంలో తెలంగాణ పల్లె పిల్లవాడు పట్నంలో చదవగలిగాడంటే ఇలాంటి వితరణ చలవే. కానీ ఏ కులం చేతిలో భూమి ఉందో ఆ కులం పిల్లలకే ముందు చదువు అందింది. అదే కాలంలో, 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ దళితవాడల పిల్లలకు బడులు తెరిచారు. ఆయన వెనుక జాగీర్లు లేవు. చందాలు ఎత్తి నడిపిన ఆ బడుల బాధ్యతను చివరికి నిజాం ప్రభుత్వం తీసుకుంది. ఒకే నగరంలో, ఒకే కాలంలో నడిచిన ఈ రెండు ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే, కులం హద్దులోపల ఆగిపోయే నిధికి ఎక్కడ అంతు వస్తుందో తెలుస్తుంది. ఇరవై గడపలున్న కులం పెట్టెలో ఎన్నేళ్లకు అసలు పోగవుతుంది? ఆ ఇరవై గడపల్లో ఒక పిల్లకు ఎంబీబీఎస్ సీటు వస్తే ఆ పెట్టె ఏం చేయగలదు?

మనవాళ్లు చుట్టిన బీడీల మీద కూడా ఒక నిధి నడిచింది. దాని కథ చందుర్తి, కోరుట్ల ఆడవాళ్లందరికీ తెలియాలి. 1976లో పార్లమెంటు బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టాన్ని, దానికి తోడుగా సెస్సు చట్టాన్ని చేసింది. తయారైన ప్రతి వెయ్యి బీడీల మీద కంపెనీ కొంత సెస్సు కట్టాలి. ఆ సెస్సు చివరికి వెయ్యికి 5 రూపాయల దాకా వచ్చింది. ఆ పైసలతో బీడీ కార్మికులకు ఆసుపత్రులు, ఇళ్లు, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు. ఒకటో తరగతి పిల్లకు ఏడాదికి వెయ్యి రూపాయల నుంచి వృత్తి విద్యా కోర్సులకు 25 వేల దాకా ఇచ్చే పద్ధతి అందులోంచే పుట్టింది. ఎవరి చేతి కష్టం మీద వచ్చిందో వాళ్ల పిల్లలకే తిరిగి చేరే సొమ్ము అది. దాతల దయతో దానికి సంబంధం లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఎన్నో సెస్సులతో పాటు బీడీ సెస్సు కూడా రద్దయింది. స్కాలర్‌షిప్ ఆగలేదు, ఇప్పుడు అది కేంద్ర బడ్జెట్ కేటాయింపు మీద ఆధారపడి నడుస్తోంది. మామూలు చూపుకు మార్పేమీ లేదనిపిస్తుంది. చాలా మారింది. నిన్నటిదాకా బీడీ కార్మికురాలి పేరున ఒక నిధి ఉంది. ఇప్పుడు ఏటేటా ఢిల్లీలో ఎవరో దయదలచి రాసే అంకె ఉంది.

అభయహస్తం సంగతి కూడా ఇలాంటిదే. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకంలో పొదుపు సంఘం మహిళ రోజుకు ఒక రూపాయి వేస్తే ప్రభుత్వం ఒక రూపాయి వేసేది. అరవై దాటాక పింఛను, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు ఏడాదికి 1,200 రూపాయల స్కాలర్‌షిప్. తెలంగాణ వచ్చాక ఆ పథకం ఆగిపోయింది, 2022లో మహిళల వాటాలను వాళ్ల ఖాతాల్లోకి తిరిగి వేశారు. పైసలు తిరిగొచ్చాయి కాబట్టి ఎవరూ నష్టపోలేదు అనుకోవచ్చు. కానీ రోజుకో రూపాయి చొప్పున లక్షల మంది ఆడవాళ్లు కలిసి నిలబెట్టిన ఆ అలవాటు విలువను ఏ ఖాతాలోకి తిరిగి వేస్తాం?

ఆ అలవాటు పూర్తిగా చెరిగిపోలేదు. ప్రతి నెలా సమావేశం, ప్రతి సమావేశంలో తీర్మానం, సంతకాలు, అప్పు ఎవరికి ముందు ఎవరికి తర్వాత అని అందరి ముందూ తేల్చుకోవడం గ్రామైక్య సంఘాల్లో ఇవాళ్టికీ నడుస్తోంది. 2011లో ఏర్పడ్డ స్త్రీనిధి ఆ సంఘాల మీదే నిలబడి రుణాలిస్తోంది. ఈ జిల్లాలకు దగ్గర్లోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు ఏడు దశాబ్దాలు గడిచినా నిలబడి ఉందంటే దానికి కారణం ఒక్కటే. సర్వసభ్య సమావేశంలో లెక్క చెప్పక తప్పదు. ఊరి నిధి ఎలా నడపాలో, అమెరికాలో మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ పుట్టిన క్లీవ్‌లాండ్ నుంచి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. పుస్తకం రాయడం మన ఆడవాళ్లకు వచ్చు.

క్లీవ్‌లాండ్ నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 1914లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకు అధినేత అక్కడ మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ పెట్టడానికి కారణం చచ్చిపోయిన దాతల వీలునామాలు. సెయింట్ లూయిస్ నగరంలో బ్రయాన్ ములాన్‌ఫీ అనే ఆయన 1851లో పోతూ పోతూ తన ఆస్తిలో మూడో వంతు, పడమటి ప్రాంతాల్లో స్థిరపడటానికి ఆ ఊరి మీదుగా పోయే పేద ప్రయాణికుల సాయం కోసం రాసిపెట్టాడు. కొన్నేళ్లకు రైళ్లు వచ్చాయి, పడమర నిండింది, ఆ ప్రయాణికులు లేకుండా పోయారు. పైసలు మాత్రం కోర్టు తాళంలో ఉండిపోయాయి. ఇలాంటివి చూసిన గాఫ్ ఒక ఉపాయం ఆలోచించాడు. దాత ఏ పనికని రాసినా, ఆ పనికి కాలం చెల్లితే ఊరివాళ్ల కమిటీ దాన్ని మరో మంచి పనికి మళ్లించే అధికారం ముందే రాసి ఉంచాలి.

మన దగ్గర ఈ సమస్య కళ్లెదుటే ఉంది. వేములవాడలో ఎన్ని కులసత్రాలున్నాయో లెక్కపెట్టండి. కాలినడకన, ఎడ్లబండ్ల మీద రాజన్న దర్శనానికి వచ్చి రాత్రి తలదాచుకునే తమ కులపోళ్ల కోసం పాతకాలంలో మొదలైన పద్ధతి అది. ఇవాళ పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్లే ఎక్కువ. జాతర రోజులు, పెళ్లి ముహూర్తాలు తప్ప చాలా గదులకు తాళాలే. ఆ గదుల్లో కొన్ని అక్కడే డిగ్రీ చదివే పల్లె పిల్లలకు హాస్టల్ కావచ్చు. కానీ ట్రస్టు కాయితంలో యాత్రికులకు అని రాసి ఉంటే దాన్ని మార్చడం గగనం. దేవుడి సొమ్ము చదువుకు రావడం తప్పని కొందరనుకుంటారు. కరీంనగర్‌లోని పాత ప్రభుత్వ డిగ్రీ కళాశాలను ఎస్సారార్ అంటామే, ఆ పేరు వేములవాడ రాజన్నదే, శ్రీ రాజరాజేశ్వరుడిదే. 1987 దేవాదాయ చట్టంలో సర్వశ్రేయోనిధి అని ఒకటుంది. రాబడి ఉన్న గుళ్లు తమ వాటా వేస్తే, దాంతో దీపం లేని గుళ్లకు మరమ్మతులు చేస్తారు. ఉన్నచోటి నుంచి లేనిచోటికి పంచే ఈ పద్ధతి దేవుళ్ల మధ్య నడుస్తున్నప్పుడు బడుల మధ్య ఎందుకు నడవకూడదు?

మన దేశంలో కమ్యూనిటీ ఫౌండేషన్ పద్ధతిలో వచ్చిన మొదటి సంస్థల్లో బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్ట్ ఒకటి. 1991లో మొదలైంది. అది మహానగరం, దాతలకు కొదవలేని చోటు. మనకు దగ్గరి పోలిక కెన్యాలో ఉంది. అక్కడ ఊరంతా చేయి వేసి బడో బావో కట్టుకోవడాన్ని హరంబీ అంటారు. ఒకసారి కట్టి వదిలేసే ఆ పద్ధతికి నిలకడ ఇవ్వాలని 1997లో ఒక కమ్యూనిటీ ఫౌండేషన్ పెట్టుకున్నారు. పేద ప్రాంతం కూడా అసలు కూడబెట్టగలదని వాళ్లు చూపించారు.

ఇక చట్టం సంగతి. ఈ భాగం విసుగ్గా ఉంటుంది, కానీ నిధులు కూలిపోయేది ఇక్కడే. ట్రస్టు డీడు రాయించుకోవచ్చు, లేదా 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ కావచ్చు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర గుర్తింపు తీసుకోవాలి, అందరూ 12ఎ, 80జి అని పిలిచేది దాన్నే. ఆ గుర్తింపు ఉన్న సంస్థ తన ఏటి రాబడిలో 85 శాతం ఖర్చు చేసి చూపాలి. అంటే వచ్చిన చందాలన్నీ దాచి అసలు పెంచుదామంటే కుదరదు. దీనికి దారి ఒకటే. ఇచ్చేవాడు 'ఇది మూలధనం కోసం' అని రాతపూర్వకంగా ఇవ్వాలి. అలా ఇచ్చిన దాన్ని బ్యాంకు, పోస్టాఫీసు లాంటి చట్టం ఒప్పిన చోట్లే పెట్టాలి. సంఘం పెట్టెలోలాగా రెండు రూపాయల మిత్తికి ఊళ్లో తిప్పడం ట్రస్టుకు కుదరదు. కుదరకపోవడం మంచిదే. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి నూటికి 24. ఒక పేదవాడి దగ్గర ఆ మిత్తి గుంజి మరో పేదవాడి పిల్లకు ఫీజు కట్టడంలో ధర్మం ఏముంది? రెండు వేలకు మించి నగదుగా ఇస్తే దాతకు పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఎంత ఇచ్చినా ఆ మినహాయింపు లేదు. కాబట్టి పన్ను ఆశ చూపి పిలిచే రోజులు పోయాయి.

గల్ఫ్ పైసలకూ అమెరికా పైసలకూ చట్టంలో ఉన్న తేడా చాలామందికి తెలియదు. దుబాయిలో ఉన్న మన మనిషి చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే. తన కష్టార్జితాన్ని బ్యాంకు ద్వారా ఊరి ట్రస్టుకు పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. డల్లాస్‌లో అమెరికా పౌరసత్వం తీసుకున్న డాక్టరు పంపినా, తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల నుంచి వచ్చినా అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి. ఆ అనుమతికి మామూలుగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరవాలి. 2020 సవరణ తర్వాత ఆ పైసలను ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషిద్ధం. కమ్యూనిటీ ఫౌండేషన్ పనే అందరి దగ్గరా తీసుకుని చిన్న సంస్థలకు పంచడం. ఆ పని కాళ్లు ఈ ఒక్క నిబంధన విరిచేసింది. పిల్లకు నేరుగా స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు, కానీ మండలంలో వృద్ధాశ్రమం నడిపే మరో చిన్న సంస్థకు గ్రాంటు ఇవ్వకూడదు. అందుకే చందుర్తి లాంటి చోట ఊరి నిధి గల్ఫ్ చేతుల మీద, ఊళ్లో ఉన్న చేతుల మీద మొదలు కావాలని నా నమ్మకం. అమెరికా సాయం ఆ తర్వాత రావచ్చు. అది రాకపోయినా పని ఆగకూడదు. కంపెనీల సీఎస్‌ఆర్ గురించి ఎక్కువ చెప్పను. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయమంది, కంపెనీ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమంది. మన దారిలో అంత కంపెనీ ఏది?

స్కాలర్‌షిప్ అంటే చాలామందికి ఆగస్టు పదిహేనున వేదిక మీద మెరిట్ పిల్లలకు ఇచ్చే చెక్కు గుర్తుకొస్తుంది. మెచ్చుకోలుకు అది సరిపోతుంది. చదువు ఆగిపోయేది వేరే చోట. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. ఎంసెట్‌లో, ఇప్పటి ఎప్‌సెట్‌లో, పది వేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చేది 35 వేల దాకానే అన్న నియమం ఏళ్లుగా ఉంది. మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవాలి. ఇచ్చే ఆ మొత్తం కూడా బకాయి పడుతుంది. బకాయి ఉన్నంతకాలం కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు. ఉద్యోగం వచ్చిన పిల్ల ఒరిజినల్స్ లేక చేరలేకపోయిన సంగతులు నేను ఒకటి కాదు, చాలా విన్నాను. అలాంటి పిల్లకు కావలసింది దానం కాదు. సర్టిఫికెట్ విడిపించే చేబదులు సొమ్ము. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ వచ్చిన రోజున ఆ సొమ్ము నిధికి తిరిగి రావాలి, ఇంకో పిల్లకు పోవాలి. ఊరి నిధికి ఇంతకన్నా సరైన పని నాకు తోచదు.

ఇంకా చిన్న చిన్న పనులున్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష నెగ్గిన సర్కారు బడి పిల్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు కేంద్రం ఇస్తుంది. కానీ ఏటా ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, బడి రికార్డులో ఇంకో తీరు ఉంటే దరఖాస్తు తిరిగొస్తుంది. బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్‌కు కార్మికురాలి గుర్తింపు కార్డు కావాలి, ఆదాయ ధ్రువపత్రం కావాలి, గడువు తేదీ తెలియాలి. తల్లి వేళ్లకు తంబాకు మరక, చేతిలో ఫోను ఉంటుంది కానీ ఆన్‌లైన్ దరఖాస్తు పోర్టల్ ఆమెకు అయోమయం. సర్కారు సొమ్ము ఇలా చేరాల్సిన ఇంటికి చేరకుండా పోతుంది. మండలానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టి, బడి బడికి తిరిగి ఈ ఫారాలు నింపించి, తప్పులు సరిదిద్దిస్తే ఆ జీతానికి ఎన్నో రెట్లు పిల్లల ఖాతాల్లో పడుతుంది. దాతలు మాత్రం జీతానికి పైసలివ్వరు. బెంచీకి ఇస్తారు, వాటర్ ట్యాంకుకు ఇస్తారు, ఎందుకంటే దాని మీద 'కీ.శే.' అని నాయిన పేరు రాయించుకోవచ్చు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ రంగు రెండు వానాకాలాలకు పోతుంది. నాయిన పేరున ఒక ఉపకారవేతనం ఉంటే ప్రతి ఏడాదీ ఒక కొత్త పిల్ల ఆ పేరు తన దరఖాస్తు మీద రాస్తుంది.

ఎవరికి ఇవ్వాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. మార్కులను మాత్రమే చూస్తే ప్రైవేటు బడిలో చదివిన పిల్లలు ముందుంటారు. కష్టాన్ని మాత్రమే చూస్తే ఎవరి కష్టం పెద్దదో తేల్చే కమిటీలో చుట్టరికాలు మాట్లాడతాయి. ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కేవాళ్లకు, పదో తరగతి తర్వాత చదువు మాన్పించి బీడీల చాట ముందు కూర్చోబెట్టే ప్రమాదం ఉన్న ఆడపిల్లలకు, తండ్రి గల్ఫ్‌లో పోయిన ఇళ్లకు ముందు వరస ఇవ్వాలని నా అభిప్రాయం. కమిటీలో సగం ఆడవాళ్లుండాలి. ఒక ఊరి దరఖాస్తును ఇంకో ఊరివాళ్లు చూడాలి. మల్యాల పిల్లల కాయితాలు సనుగులవాళ్లు, సనుగుల పిల్లలవి మల్యాలవాళ్లు చూస్తే సగం మొహమాటం పోతుంది. ఇచ్చిన పిల్లను ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫొటో తీయడం మానేయాలి. 'చదువుల తల్లికి చేయూత' అని పేపర్లో వచ్చే ఆ ఫొటోల్లో పిల్లల కళ్లు చూడండి, చెక్కు వైపు ఉండవు, నేల వైపు ఉంటాయి. లెక్క బహిరంగంగా ఉండాలి, పేరు గుట్టుగా ఉండాలి. ఎంతమందికి, ఏ కోర్సుకు, ఎంత ఇచ్చామన్నది పంచాయతీ గోడ మీద రాయొచ్చు.

సేవాసంస్థలకు ఇచ్చే గ్రాంట్ల గురించి కూడా అదే పట్టుదల కావాలి. మన ఊళ్లలో దాతలు కొనిచ్చిన ఫ్రీజర్ బాక్సులున్నాయి, వైకుంఠ రథాలున్నాయి. చచ్చిపోయినవాళ్లకు చేసే మర్యాదలో ఈ ప్రాంతం ఎవరికీ తీసిపోదు. సాయంత్రం పూట పదో తరగతి పిల్లలు కూర్చుని చదువుకునే గది, కరెంటు పోతే వెలిగే లైటు, పోటీ పరీక్షల పుస్తకాలు నాలుగు ఎన్ని ఊళ్లలో ఉన్నాయి? రాసుకుని అడిగే సంస్థ లేక అవి రాలేదు. పైసలకు కరువై మాత్రం కాదు. గ్రాంటు ఇచ్చే నిధి ఉంటే అడిగే సంఘాలు పుడతాయి. యువజన సంఘం, అంబేడ్కర్ సంఘం, గ్రామైక్య సంఘం, పూర్వ విద్యార్థుల బ్యాచ్ ఏదైనా తీర్మానం రాసి, లెక్క చూపి, ఏడాది చివర మళ్లీ వచ్చి ఏం చేశారో చెప్పాలి. చెప్పనివాళ్లకు మరుసటి ఏడు లేదు.

ఎంతతో మొదలుపెట్టాలన్నది లెక్క వేసి చూద్దాం. ఒక మండలం నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్లలో రెండు వందల మంది నెలకు వంద రూపాయలు, అంటే ఐదు దిర్హమ్‌ల లోపే, మూలధనం కోసమని రాసి పంపితే నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఐదేళ్లకు 12 లక్షల అసలు. బ్యాంకు నూటికి 7 చొప్పున ఇస్తే ఏడాదికి 84 వేలు. ఐదేళ్ల పాటు పిల్లలు ఎదురుచూడలేరు కాబట్టి ఊళ్లో ఉన్నవాళ్లు వేసే పైసలను వేరు ఖాతాలో పెట్టి మొదటి ఏడాది నుంచే ఖర్చు చేయాలి. సర్టిఫికెట్ విడిపించే చేబదులు సొమ్ముకు ఒక లక్ష చాలు, అది తిరుగుతూ ఉంటుంది. 84 వేలు పెద్ద అంకె కాదు. ఎనిమిది మంది పిల్లల ఏడాది మెస్సు ఖర్చులో కొంత, ఫారాలు నింపే మనిషికి రోజూ కొన్ని గంటల జీతంలో కొంత.

ఆ పైసలు చేతికి రావాల్సింది జూన్‌లో. ఇంటర్ ఫలితాలు వచ్చి, ఎప్‌సెట్ ర్యాంకు వచ్చి, కౌన్సెలింగ్ తేదీ పడ్డాక తండ్రి అప్పు కోసం గడప గడపకు తిరిగే రోజులవి. బడులు తెరిచే వారంలో, ఆ ఇనుప పెట్టె పక్కనే, ఇంకో కొత్త పుస్తకం పెట్టుకుని అన్ని కులాల ఆడవాళ్లు కూర్చోవాలి. మొదటి పేజీలో అసలు ఎంత, దాతలు ఎవరు. రెండో పేజీ నుంచి దరఖాస్తులు.